కింగ్రీవాద్యము

దేశీయసంగీతమునకుఁ బ్రాణభూతమైన వాద్యము స్వజనసృష్టియే కావలెనను నియమము లేదు. ఆఫ్రికానుండి దాస్యమునకుఁ గొనిపోఁబడినవారి సంతతి అమెరికాలోఁ గల్పించిన బాంజో 19వ శతాబ్దమున ఐర్లండు చేరి, నేఁ డచ్చటి జానపదగానమున కంగమై యున్నది. ఆదిలాబాదు సీమలోని కింగ్రీయు నిట్టిదే.

మూఁడు తంత్రులు గలిగి, గుఱ్ఱపువెండ్రుకల కమానుతో వాయింపఁబడు నీ వాద్యము రాజగోండులది కాదు. వారి వంశగాయకులైన పరధానులది. పరధానుల గృహభాష మరాఠీ. అయినను పెర్సపేనను కులదైవపు పూజలందు గోండుల గోత్రకథలను వారు గోండిభాషయందే గానము చేయుదురు. 1948లో హైమన్‌డార్ఫు ప్రకటించిన గోండుపురాణగాథలకు నీ గాయకులే ముఖ్యాధారము.

కింగ్రీపదము కిన్నరీశబ్దభవమని యూహింపఁదగును. కాని 13వ శతాబ్దపు సంగీతరత్నాకరమునఁ జెప్పఁబడిన కిన్నరి మెట్లు గలిగి మీటఁబడునది, కింగ్రీ కమానువాద్యము. పేరు నిలిచినను రూపము మాఱినది. కావున శబ్దసామ్యమాత్రమున వాద్యైక్యమును నిర్ణయింపరాదు.

నామము సంస్కృతభవము, గాయకుఁడు మరాఠీభాషి, గాథ గోండి, సీమ తెలుఁగు. ఇట్టిచో వాద్యమును సృజించిన దెవరను ప్రశ్నకంటె, నది యెవరి స్మృతిని భరించుచున్నదను ప్రశ్నయే ముఖ్యము. గోత్రకథలు విశేషముగాఁ గంఠస్థములు. కింగ్రీ మూగవోయినచో నష్టపడునది పరధానుల జీవికమాత్రము కాదు, గోండుల పూర్వచరిత్రయును.