హరసూనుడి పత్రం: ఉమ్మెత్త కథ

వినాయక చవితి ముందురోజు ఆత్రేయపురం చుట్టుపక్కల కాలవగట్ల మీద పత్రి కోసం పిల్లలు తిరుగుతుంటారు. గరిక, ఉత్తరేణి, జిల్లేడు, వావిలి అన్నీ చేతికందేవే. పెంటకుప్పల పక్కన, ఎవరూ దున్నని మూలల్లో సన్నాయి మూతిలాంటి తెల్లటి పూలతో, ముళ్ల కాయలతో నిలబడి ఉంటుంది ఉమ్మెత్త. ఇరవై ఒక్క పత్రాల వరసలో దానిది అయిదో స్థానం, గరిక తరవాత. హరసూనుడు అనే నామంతో ఆ ఆకు సమర్పిస్తాం. శివుడికి ప్రీతి అయిన మొక్కను శివుడి కొడుకుగానే పిలిచి కొడుక్కి ఇవ్వడం నాకెప్పుడూ ఎంతో అందంగా తోస్తుంది. ఈ మండలంలోనే ఉన్న ర్యాలిలో మోహినీ రూపుడైన కేశవుడికి ఎదురుగా ఉమా కమండలేశ్వరుడు కొలువై ఉన్నాడు. ఇక్కడివాళ్లకు శివుడి పూజలో ఉమ్మెత్త పువ్వు కొత్తేమీ కాదు. ఆ మొక్క శివుడి గుండె మీద మొలిచిందని వామన పురాణం చెబుతుంది.

పురాణం అలా చెబితే వృక్షశాస్త్రం దాని చుట్టాల గురించి చెబుతుంది. వంకాయ, మిరప, టమాటా, పొగాకు అన్నీ ఉమ్మెత్త కుటుంబమే. అడవి ఉమ్మెత్త జాతులు ఎక్కువగా ఉన్నది అమెరికా ఖండంలో. అలాంటప్పుడు కొలంబస్‌కు ఎన్నో శతాబ్దాల ముందే మన సంస్కృత గ్రంథాల్లోకి ధత్తూరం ఎలా వచ్చింది? గీత, వలీద్ ఘరైబే అనే పరిశోధకులు 2007లో జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్‌లో ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. పాత గ్రంథాలు, శిల్పాలు చూసి, క్రీ.శ. నాలుగో శతాబ్దం నాటికే ఈ మొక్క ఇక్కడ ఉందని వాదించారు. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు మన ధత్తూరాన్నే డట్యూరాగా తీసుకున్నాడు.

దీని చెడ్డపేరూ పాతదే. 1563లో గోవాలో అచ్చయిన పుస్తకంలో గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు, దొంగలు తిండిలో దీన్ని కలిపి మనుషుల్ని మత్తులో పడేసి దోచుకుంటారని రాశాడు. దాదాపు మూడు వందల ఏళ్ల తరవాత, 1856లో నార్మన్ చీవర్స్ భారతదేశ వైద్య న్యాయశాస్త్రంపై తెచ్చిన గ్రంథంలోనూ బాటసారులకు ధత్తూరం పెట్టే దొంగల గురించి పేజీలకు పేజీలున్నాయి. వాళ్లకు పని సులువు కావడానికి ఒక కారణం గింజ. ఉమ్మెత్త గింజ చూపుకి మిరపగింజలా ఉంటుంది. ఈ రెంటినీ వేరుచేయడం నేటికీ మన వైద్య విద్యార్థులకు పరీక్షల్లో వచ్చే ప్రశ్న. మిరపగింజ పలుచగా, గుండ్రంగా, నున్నగా ఉంటుంది, నాలుకకు ఘాటు తగులుతుంది. ఉమ్మెత్త గింజ కాస్త పెద్దది, మందం, మూత్రపిండం ఆకారం, పైన సన్నటి గుంటలు, రుచి చేదు. నిలువునా కోసి చూస్తే లోపలి పిండం మిరపలో లోపలికి, ఉమ్మెత్తలో బయటికి వంగి ఉంటుంది.

అదే మొక్క మందుగా కూడా ప్రపంచం తిరిగింది. ఆయుర్వేదంలో ఉబ్బసానికి వాడే కనకాసవంలో ఇది ఉంది. అయినా గింజల్ని శుద్ధి చేయనిదే శాస్త్రం వాడనివ్వదు. మన ఔషధ చట్టం నిబంధనల్లో విష ద్రవ్యాల పట్టికలోనూ దీని పేరుంది. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి 1802లో మద్రాసు నుంచి బ్రిటన్ చేరి, ఉబ్బసం సిగరెట్లుగా మారి, ఇరవయ్యో శతాబ్దం దాకా అమ్ముడుపోయింది. జపాన్‌లో 1804లో హనవోకా సెయిషూ అనే శస్త్రవైద్యుడు ఉమ్మెత్త కలిసిన మందుతో రోగిని స్పృహ తప్పించి రొమ్ము క్యాన్సర్ గడ్డ తీశాడు. ఈథర్ మత్తు లోకానికి తెలియడానికి అది 42 ఏళ్ల ముందు.

మొక్కలో పనిచేసేవి అట్రోపిన్, హయోసయమిన్, స్కోపొలమైన్. మన నరాలు అసిటైల్‌కొలిన్ అనే రసాయనంతో కబురు పంపుకుంటాయి. ఈ మూడూ ఆ కబురు అందే చోట్లను మూసేస్తాయి. నోరు ఎండిపోతుంది, చెమట ఆగి ఒళ్లు కాలిపోతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి, మూత్రం బిగుస్తుంది, గుండె పరుగెడుతుంది. మెదడులో అదే జరిగితే మనిషి లేనివాళ్లతో మాట్లాడతాడు, పక్కబట్టలు పీకుతాడు, గాల్లో దారాలు పట్టుకుంటున్నట్టు వేళ్లు కదిలిస్తాడు.

ఎల్ఎస్‌డీ గురించి, మత్తు పుట్టగొడుగుల గురించి చదివిన కుర్రాళ్లు దీన్నీ ఆ కోవలో లెక్కేస్తారు. అది ప్రమాదకరమైన పొరపాటు. అవి సెరటోనిన్ దారిలో పనిచేస్తాయి, తను చూస్తున్నది నిజం కాదన్న ఎరుక చాలామందికి కొంతైనా మిగులుతుంది. ఉమ్మెత్త ఆ ఎరుకనే తీసేస్తుంది. పైగా ఒక్కో మొక్కలో, ఒక్కో కాయలో విషం పాళ్లు మారిపోతాయి. కాబట్టి ఇంతవరకు ఫరవాలేదు అనే కొలత ఎవరి దగ్గరా లేదు. మత్తుపదార్థాల చట్టం జాబితాలో లేదు కదా అని ధైర్యం చేయడం అవివేకం. గన్నేరు కూడా ఆ జాబితాలో లేదు.

వరిసీమలో ఉన్న మనకు దీని మేలు ఇంకా దగ్గరగా తెలియాలి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి పోతే అసిటైల్‌కొలిన్ కుప్పపడిపోతుంది. నోట్లో నురగ, ఊపిరితిత్తుల్లో నీరు, కనుపాప సూదిమొనంత అయిపోతుంది. అప్పుడు ఆసుపత్రిలో ఎక్కించేది అట్రోపినే. ఛాతీలో గురగుర తగ్గి, ఊపిరి తేలికయ్యేదాకా డాక్టర్లు ఇస్తూనే ఉంటారు. కాస్త ఎక్కువైతే ఆ రోగి గాల్లో దారాలు ఏరుతుంటాడు. మంచం పక్కనున్న ఇంటివాళ్లు పిచ్చెక్కిందని ఏడుస్తారు. ప్రాణం నిలబెడుతున్న మందు తన పుట్టింటి గుణం చూపించడం అది. మోతాదు తగ్గించగానే మనిషి మామూలవుతాడు. ఎన్ని రైతు కుటుంబాల్ని ఈ మందు నిలబెట్టిందో తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ కొలత డాక్టరు చేతిలో ఉన్నంతసేపే అది మందు. 2020 ఏప్రిల్‌లో, ఉమ్మెత్త కాయ కరోనా వైరస్ బొమ్మలా ఉంది గనక దానికి విరుగుడవుతుందన్న టిక్‌టాక్ వీడియో నమ్మి, చిత్తూరు జిల్లాలో పదిమందికి పైగా దాని గింజలు తీసుకుని ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు.

చవితికి ఉమ్మెత్త ఆకు మానేయమని నేను చెప్పను. కాయలు మాత్రం ఇంటికి తేనివ్వకండి. పత్రి కోసిన చేతులు కళ్లకు తగలనివ్వకుండా సబ్బుతో కడిగించండి. నిమజ్జనం దాకా పత్రిని పశువులకూ పిల్లలకూ అందని చోట ఉంచండి. ఎవరైనా పొరపాటున తింటే చింతపండు పులుసులూ మజ్జిగలూ పట్టిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. తిన్న కాయ ముక్కో ఆకో వెంట తీసుకెళ్లండి, డాక్టరుకు సగం పని తగ్గుతుంది.