చాంద్‌ఖేడా: డబ్బున్నా దొరకని ఇల్లు, కలిసి కట్టుకున్న కాలనీ

అహ్మదాబాద్ నుంచి గాంధీనగర్ వైపు వెళ్తుంటే సబర్మతి రైల్వే స్టేషన్ దాటాక, మొతేరా క్రికెట్ స్టేడియానికి దగ్గరలో చాంద్‌ఖేడా వస్తుంది. ఒకప్పుడు ఊరు. ఇప్పుడు అహ్మదాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయిన శివారు. బయటివాళ్ళకు ఓఎన్‌జీసీ ఆఫీసులున్న చోటుగా తెలుసు. ఐఐటీ గాంధీనగర్ 2008లో మొదలైంది కూడా ఇక్కడి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలోనే. గుజరాత్ దళితులకు మాత్రం ఈ పేరు చెబితే గుర్తొచ్చేది వేరు. ఉద్యోగం వచ్చి, బ్యాంకు లోను దొరికి, అయినా నగరంలో ఇల్లు దొరకనివాళ్ళు వరసగా సొసైటీలు కట్టుకున్న చోటు ఇది.

ఈ కథ చెప్పాలంటే మిల్లుల నుంచి మొదలుపెట్టాలి. అహ్మదాబాద్ బట్టల మిల్లుల్లో దళితులకు వడుకు శాఖలో పని దొరికేది. నేత శాఖలోకి రానిచ్చేవారు కాదు. నాడెలో కండె మార్చినప్పుడల్లా దారం కొసను నోటితో పీల్చి బయటికి లాగాలి. దళితుడి నోరు తగిలిన నాడెను మేం ముట్టుకోమని మిగతా కార్మికులు అడ్డుపడ్డారు. నేతలో కూలీ ఎక్కువ. అంటే అంటరానితనం వాళ్ళ జీతం చీటీ మీదే కనబడేది. 1918 సమ్మె నుంచి పుట్టి, 1920లో గాంధీ, అనసూయా సారాభాయిల అండతో ఏర్పడిన మజూర్ మహాజన్ సంఘం పెద్దదే, పేరున్నదే. ఈ గోడను మాత్రం అది కూల్చలేదు.

మిల్లు కార్మికులు ఉండేది గోమతీపూర్, రాజ్‌పూర్ లాంటి తూర్పు వాడల్లో, చాలీల్లో. చాలీ అంటే ఒకే వరసలో అతికించినట్టుండే ఒంటి గదుల ఇళ్ళు. నీళ్ళకు అందరికీ ఒకే కొళాయి, అందరికీ కలిపి మరుగుదొడ్లు. పక్క చాలీ ముస్లింలది. అవతలిది వేరే కులానిది. మిల్లులో భోజనం వేళ ఎవరి మూల వాళ్ళది. చాలీలోనూ అంతే.

నదికి పడమటి ఒడ్డున నగరం ఇంకో రకంగా పెరిగింది. ఎల్లిస్ బ్రిడ్జి దాటాక 1920ల నుంచి సహకార గృహ నిర్మాణ సంఘాలు వెలిశాయి. అహ్మదాబాద్‌లో 'సొసైటీ' అన్న మాటకు అర్థం అదే. కొంతమంది సభ్యులు కలిసి స్థలం కొంటారు, ఇళ్ళు కట్టుకుంటారు, ఛైర్మన్‌ని, సెక్రటరీని ఎన్నుకుంటారు. సభ్యుడు కాని వాడికి అక్కడ ఇల్లు అమ్మడానికి వీల్లేదు. ఆ సభ్యత్వం కులాన్ని బట్టి, మతాన్ని బట్టి నడిచింది. బ్రాహ్మణులకొకటి, పటేళ్ళకొకటి, జైనులకొకటి, పార్సీలకొకటి. పల్లెలో ఊరికీ వాడకీ మధ్య పొలమో కాలువో ఉంటుంది. ఇక్కడ రిజిస్టరైన బైలా ఉంది.

చాలీల నుంచి దళితులు బయటపడటానికి తొందరపెట్టినవి మూడు సంవత్సరాలు. 1981లో బి.జె. మెడికల్ కాలేజీలో పీజీ రిజర్వుడు సీట్ల మీద విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన దళిత చాలీల మీద దాడులుగా మారింది. దళితుల వైపు నోరు విప్పినందుకు ఇలా భట్‌కీ, ఆమె నడిపే 'సేవా' మహిళా సంఘానికీ ఆ ఏడాదే మజూర్ మహాజన్‌తో తెగతెంపులయ్యాయి. 1985లో వెనుకబడిన కులాల కోటాను 10 నుంచి 28 శాతానికి పెంచాలన్న నిర్ణయంపై మళ్ళీ అల్లర్లు రేగి, మతకల్లోలంగా తిరిగాయి. అప్పటికే మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. చివరగా 2002. ముస్లిం వాడల పక్కనున్న దళిత చాలీలు రెండు వైపులా నలిగాయి.

తండ్రి మిల్లులో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కొడుకో కూతురో రిజర్వేషన్ మీద బ్యాంకులోనో, రైల్వేలోనో, ఎల్ఐసీలోనో, గాంధీనగర్ సచివాలయంలోనో చేరారు. ఆ తరం ఇల్లు వెతకడానికి పడమటికి వెళ్ళింది. గుజరాత్‌లో పర్మార్, సోలంకి, రాథోడ్, చౌహాన్ వంటి ఇంటిపేర్లు దళితులకూ ఉన్నాయి, దర్బార్లకూ ఉన్నాయి. ఇంటిపేరుతో తేలకపోతే బ్రోకరు ఊరు అడుగుతాడు, ఊళ్ళో ఏ వాస్ అని అడుగుతాడు. హైదరాబాద్‌లో 'మీరేమిట్లు?' అని అడిగించుకుని, చివరికి 'ఓన్లీ వెజిటేరియన్స్' బోర్డు చూసి తిరిగొచ్చిన విద్యార్థులకు మేం ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

అందుకే చాంద్‌ఖేడా. అప్పట్లో ఊరవతలి పొలాలు, ధర తక్కువ. పక్కనే సబర్మతి రైల్వే కాలనీలు, అటువైపు గాంధీనగర్. దళిత ఉద్యోగులు పదిమంది ఇరవైమంది కలిసి సొసైటీ రిజిస్టరు చేయించుకున్నారు. తర్వాత వాళ్ళలోంచే కొందరు బిల్డర్లయ్యారు. పై కులాలవాళ్ళు గేటు వేసుకోవడానికి వాడిన సహకార చట్టమే వీళ్ళకు ఇంటి తాళం అయింది.

ఇక్కడి సొసైటీ జీవితం పైకి చూస్తే అహ్మదాబాద్‌లో ఏ సొసైటీకైనా ఉన్నట్టే ఉంటుంది. వరస ఇళ్ళు, ముందు తులసి కుండో స్కూటరో, మధ్యలో 'కామన్ ప్లాట్' అనే ఖాళీ జాగా. పెళ్ళి షామియానా అక్కడే, నవరాత్రి గర్బా అక్కడే. ఆ జాగా విలువ తెలియాలంటే ఒక ఘటన గుర్తుచేయాలి. 2017 అక్టోబరులో ఆనంద్ జిల్లా భద్రానియా గ్రామంలో గర్బా చూస్తున్నాడని ఒక దళిత యువకుణ్ణి పటేళ్ళు కొట్టి చంపారు. పెళ్ళికొడుకు గుర్రమెక్కితే రాళ్ళు పడే పల్లెలు ఆ రాష్ట్రంలో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చోట నుంచి వచ్చిన కుటుంబానికి తన కూతురు తన కామన్ ప్లాట్‌లో అర్ధరాత్రి దాకా భయం లేకుండా ఆడగలగడం చిన్న విషయం కాదు. వంటగది, ఇంట్లోనే మరుగుదొడ్డి, చదువుకునే పిల్లకు ఒక మూల. చాలీలో కొళాయి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళను అడిగితే, ఇల్లు మారడమంటే ముందు వీటినే చెప్తారు.

అయితే గేటు లోపల అంతా సమానమని మేం రాయలేం. ఇలా ఇళ్ళు కట్టుకోగలిగింది ఎక్కువగా చదువు, ఉద్యోగం ముందుగా అందిన వణ్‌కర్లు, ఆ తర్వాత చమార్లు. వణ్‌కర్ అంటే నేతగాడు. నేతగాళ్ళ కులాన్నే మిల్లులో మగ్గం దగ్గరికి రానివ్వలేదన్నది వేరే చేదు. వాల్మీకులు ఇక్కడికి పొద్దున్నే చీపురు పట్టుకుని వస్తారు. సొంతిల్లున్న వాల్మీకి కుటుంబం అరుదు. నవ్‌సర్జన్ సంస్థ 1,589 గ్రామాల్లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం, దళిత ఉపకులాల మధ్య కూడా అంటరానితనం నడుస్తోందని దాచకుండా చెప్పింది. సొసైటీ ఆ అలవాటును పల్లెలోనే వదిలేసి వచ్చిందనడానికి ఆధారం లేదు.

చట్టం ఏమంటుంది? 1926లో రిజిస్టరైన అహ్మదాబాద్ పార్సీ గృహ సంఘం కేసులో 2005లో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసే బైలా చెల్లుతుందని తీర్పిచ్చింది. ప్రాథమిక హక్కులు రాజ్యాన్ని కట్టడి చేస్తాయి గానీ సహకార సంఘాన్ని కాదన్నది అందులోని వాదన. చదువుతుంటే మాకు బరోడా గుర్తొచ్చింది. 1917లో ఆ నగరంలో ఉద్యోగంలో చేరిన అంబేద్కర్, తలదాచుకునే చోటు లేక పార్సీ పేరుతో పార్సీ సత్రంలో ఉన్నారు. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఆయన ఆ రోజు పార్కులో కూర్చుని ఏడ్చారు. ఎనభై ఎనిమిదేళ్ళ తర్వాత అదే గుజరాత్ నుంచి వెళ్ళిన కేసులో 'మావాళ్ళకే ఇల్లు' అన్న నియమానికి సుప్రీంకోర్టు ముద్ర పడింది. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను నేరం చేసింది. కానీ 'ఆ ఇల్లు అయిపోయిందండీ' అని ఫోను పెట్టేసిన బ్రోకరు మీద సాక్ష్యం ఎక్కడినుంచి తేవాలి?

విడిగా ఉండటం గెలుపా, ఓటమా అన్న వాదన కొత్తది కాదు. 1942లో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల సమావేశం తమకు ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానించింది. హిందూ గ్రామం మీద ఆధారపడినంత కాలం దెబ్బలు తప్పవన్నది అంబేద్కర్ అంచనా. మనవాళ్ళకు ఇది పుస్తకంలోని మాట కాదు. అహ్మదాబాద్ తగలబడిన 1985లోనే, జూలై 17న కారంచేడు జరిగింది. బతికినవాళ్ళు ఆ ఊరికి తిరిగి వెళ్ళకుండా చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. చాంద్‌ఖేడాకు జీతం వచ్చినవాళ్ళు వెళ్ళారు, చీరాలకు ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు వచ్చారు. రెండింటినీ ఒకే త్రాసులో తూచలేం. తరిమినది మాత్రం ఒకటే. మా అభిప్రాయంలో విజయనగర్ కాలనీది తిరగబడ్డ నిర్ణయం. చాంద్‌ఖేడాది సర్దుకున్న నిర్ణయం. ఆ సర్దుబాటులో కూడా దాచిపెట్టిన కోపం ఉంది. 2016లో ఊనా కొరడా దెబ్బల తర్వాత జూలై 31న జరిగిన దళిత మహాసమ్మేళనానికి వేదిక ఈ శివారు పక్కనున్న సబర్మతే. ఆగస్టు 5న అహ్మదాబాద్‌లో మొదలైన పాదయాత్ర 15న ఊనా చేరితే, అక్కడ జెండా ఎగరేసినవాళ్ళలో మన రోహిత్ వేముల తల్లి రాధిక గారు ఉన్నారు.

ఇప్పుడు చాంద్‌ఖేడాలో ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, మెట్రో మొతేరా దాటి గాంధీనగర్ వైపు సాగింది. స్థలం ధర పెరిగింది. అయినా పాత సొసైటీలో ఇల్లు అమ్మకానికి పెడితే కొనడానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా దళితులే. పడమటి సొసైటీలో ఇంటికి నగరమంతా పోటీ పడుతుంది, ఇక్కడి ఇంటికి ఒక సమాజమే పోటీ పడుతుంది. ముప్ఫై ఏళ్ళు కిస్తీలు కట్టిన ఇల్లు పిల్లల చేతికి వచ్చేసరికి ఆ తేడా రూపాయల్లో ఎంతో, అమ్మబోయిన రోజునే తెలుస్తుంది.