ఖోయిసాన్: పేరు ఒకటి, కుటుంబాలు మూడు

జాలిపడ్డప్పుడు మనం నాలుకతో చ్చొచ్చొచ్చొ అంటాం. అది మనకు మాట కాదు. కలహారి ఎడారి చుట్టుపట్ల మాత్రం అలాంటి చప్పుళ్లు నిఖార్సయిన హల్లులు. బంటూ భాషల్ని పక్కనపెట్టి, ఈ క్లిక్‌లున్న భాషల్ని పండితులు ఒకే గాటన కట్టి ‘ఖోయిసాన్’ అన్నారు. అసలు ఆ పేరు భాషల కోసం పుట్టిందే కాదు. పశువులు కాచే ఖోయిఖోయిలనూ, వేట మీద బతికే సాన్‌లనూ శరీర లక్షణాలను బట్టి ఒకే జాతిగా లెక్కగట్టి, 1928లో లియోన్‌హార్డ్ షుల్ట్‌సె అనే జర్మన్ శాస్త్రవేత్త అతికించిన పేరది. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ తన 1963 గ్రంథంలో ఎక్కడో టాంజానియాలోని హడ్జా, సండావె భాషలను కూడా కలిపేసి, అన్నీ ఒకే కుటుంబమన్నాడు.

ఆ కుటుంబం నిలవలేదు. కలహారిలోనే టూ, ఖా, ఖోయే-క్వాడి అని మూడు వేర్వేరు కుటుంబాలున్నాయని టామ్ గుల్డెమన్ వంటివారు వాదించారు. మరి అన్ని పోలికలెందుకు? ఇరుగుపొరుగు వల్లనట. ఎవరింటి పిల్ల ఎవరింటికెళ్లిందో వ్యాకరణం చెప్పదు, ఉమ్మి చెబుతుంది. జన్యుశాస్త్రంతో పాటు భాషాశాస్త్రంలోనూ పట్టున్న బ్రిగిట్టె పాకెన్‌డార్ఫ్, లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థ సహచరులు బోట్స్వానా, నమీబియాల్లో ఉమ్మి నమూనాలు సేకరించారు.

2012లో వెలువడిన ఫలితాల్లో భాష, జన్యువు చాలాచోట్ల చెరో దారి పట్టాయి. నారో ప్రజలది ఖోయే భాష, జన్యువుల్లో మాత్రం ఖా కుటుంబపు జూ వేటగాళ్లకు దగ్గర. నా లెక్కన ఇంతకన్నా గట్టి సాక్ష్యం దమరాలది. నమీబియాలో నామాలూ దమరాలూ మాట్లాడేది ఒకే ఖోయే భాష. జన్యువుల ప్రకారం దమరాలకు దగ్గరివాళ్లు బంటూ భాషలాడే హెరెరో, హింబాలు. అంటే దమరాలు భాష మార్చుకున్నారన్నమాట. ఒళ్లు చూసి భాషను ఊహించేవాళ్లకు ఇక్కడ చుక్కెదురే.

పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోనిచ్చే జన్యుమార్పు, తూర్పు ఆఫ్రికా పశుపాలకుల్లో కనిపించేదే, నామాల్లోనూ ఉంది. ఖోయే భాషలు సుమారు 2,000 ఏళ్ల కిందట పశువులతో పాటు అటునుంచి దిగాయన్న ఊహకు అది బలం.

ఇక బంటూ కుటుంబానికి చెందిన ఖోసాలోకి క్లిక్‌లెలా చేరాయి? కోడలు అత్తింటి పెద్దల పేర్లలోని అక్షరాలు పలకకూడదన్న ‘హ్లోనిఫా’ ఆచారం తలుపు తీసిందని భాషావేత్తల వాదన: నిషిద్ధమైన హల్లు స్థానంలో పొరుగువాళ్ల క్లిక్. ఆచారం ఒక్కటే చాలిందంటే నేను నమ్మను. ఆ చప్పుడు పుట్టుకతో వచ్చిన నాలుక ఇంట్లో ఉండాలి కదా. దక్షిణాది బంటూ జనంలో ఖోయిసాన్ తల్లుల మైటోకాండ్రియా వారసత్వం బాగానే కనిపిస్తుంది, తండ్రుల వై క్రోమోజోము అంతకన్నా చాలా తక్కువ. క్లిక్‌లు ఆ ఇళ్లలో అడుగుపెట్టింది కోడళ్ల నోటనే అనుకోవాలి.