అడ్డపొగ: విశాఖతీరమున నొక యలవాటు చరిత్ర

డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున నిర్మింపబడిన విశాఖపట్టణపు రేవును 1933వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభించెను. ఆ వేడుకను గూర్చియు, రేవువలన ఈ తీరమునకు గలిగిన యభ్యుదయమును గూర్చియు వ్రాసినవారు పెక్కురు గలరు. కాని నాలుగేండ్ల తరువాత, 1937లో, ఈ పట్టణముననే పనిచేసిన ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు అను వైద్యులిరువురు ‘ఇండియన్ మెడికల్ గెజెట్’ పత్రికలో రాచపుండు (క్యాన్సరు) సమస్యను గూర్చి ప్రకటించిన వ్యాసము, వైద్యులు తప్ప నితరులు స్మరింపనిదైనను, ఈ తీరపు చరిత్రలో రేవు ప్రారంభముకంటె తక్కువది కాదని నా యభిప్రాయము. లోకమున నితరత్ర మిక్కిలి యరుదైన గట్టి అంగిలి క్యాన్సరు ఇచ్చట తరచుగా కనబడుచుండుటయు, నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి చుట్ట కాల్చు నలవాటుతో దానికి సంబంధముండుటయు విశాఖనుండియే వైద్యలోకమునకు చేర నారంభించెను.

ఆ యలవాటును ఈ ప్రాంతమువారు అడ్డపొగ యందురు. ఎండిన పొగాకును తడిపి, ఈనె తీసి, అరచేత చుట్టి దారముతో కట్టిన చుట్టను ముట్టించి, మొదట లోకమందరివలె ఒకటి రెండు దమ్ములు లాగి, నిప్పు చక్కగా నంటుకొనిన పిమ్మట ఆ కొనను నోటిలోనికి త్రిప్పి, పెదవులు బిగించి, ఊపిరితోనే నిప్పును రగిలించుకొనుచు, నుసిని ఉమ్మివేయుచునో మ్రింగుచునో, రెండు చేతులును నాటువేయుటకో బట్టలుతుకుటకో చేపలు విడదీయుటకో విడిచిపెట్టి గడియలు గడపుట దీని విధానము. పెదవుల తడి చుట్టకు తగులుచుండును గనుక అది మెల్లగా కాలును. సగము కాలినదానిని ఆర్పి రొంటిన దోపుకొని, పని తెమలిన వెనుక మరల ముట్టింపవచ్చును. ఇట్లు కాల్చువారిలో పురుషులు లేకపోలేదు గాని, స్త్రీలే యధికము.

దీనికి కారణమేమని యడిగినవారికి పలువురు పలువిధములుగ చెప్పుదురు. సముద్రపు గాలికి, నీటి తుంపరలకు నిప్పు ఆరిపోకుండుటకై పడవలవారు మొదట ఇట్లు చేసిరని కొందరు. చంకనున్న బిడ్డపై నుసి రాలకుండుటకని కొందరు. పెద్దల యెదుట పొగ కనబడకుండుటకని మరికొందరు. కొలంబియా, కరీబియను దీవులు, సార్డీనియా, ఫిలిప్పీన్సు మొదలగు తావులందును ఈ యలవాటు నమోదైనది గనుక సముద్రపుగాలి వాదమున కొంత బలము లేకపోలేదు. నా మట్టుకు, చేతికి తెరిపిలేని కూలిబ్రతుకును, తల్లిని చూచి కూతురు నేర్చుకొను సహవాసమును చాలిన కారణములుగ తోచుచున్నవి.

పురుషుని చుట్టకు సాహిత్యమున గౌరవస్థానమే లభించినది. గురజాడవారి గిరీశము పొగచుట్టను కీర్తింపగా తెలుగుదేశమంతయు నవ్వినది. గోదావరి లంకలలో పండిన పొగాకుతో చుట్టిన లంకచుట్ట, 1890లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో నేరస్థుని ఆనవాలు పట్టుటకు పనికివచ్చు వస్తువుగ పేరుకెక్కినది, మన లంకలకు లండనులో ఇంతటి ఖ్యాతి పొగాకువలన గలిగినందుకు సంతసింపవలయునో లేదో తెలియదు. ఉత్తరాంధ్రపు కూలిస్త్రీ నోటిలోని చుట్ట మాత్రము కావ్యములకంటె వైద్యపత్రికలకే ఎక్కువ తెలిసినది.

1945లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రికి చెందిన వి.ఆర్. ఖానోల్కర్ గారును, సూర్యాబాయి గారును భారతీయుల యలవాట్లనుండి పుట్టిన మూడు క్రొత్త తెగల క్యాన్సర్లను వర్ణించుచు, వానిలో ఒకటిగ చుట్ట క్యాన్సరును పేర్కొనిరి. 1957లో డి. గోవిందరెడ్డి, వి.కె. రావు గార్లు కోస్తాంధ్రపు అంగిలి క్యాన్సరునకు నోటిలోని నిప్పే కారణమని వ్రాసిరి. నోటిలోపలి వేడిమిని సైతము కొలిచినవారు గలరు. ఒకరు 58 డిగ్రీలనిరి, మరియొకరు 120 డిగ్రీల వరకు పోవుననిరి. తక్కువ లెక్కయే నిజమనుకొన్నను, దినదినము అంతటి వేడిమిని, దానితోపాటు పొగాకు విషములను సహించుటకు పుట్టిన పొర కాదు అంగిలిది.

ఇందిరాగాంధీగారు విశాఖ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిన 1971వ సంవత్సరముననే ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్’లో మరియొక వ్యాసము వెలువడెను. డెన్మార్కు దేశస్థుడైన పిండ్‌బోర్గ్ గారును, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చికి చెందిన ఫాలీ మెహతా గారును, వారి సహచరులును శ్రీకాకుళము జిల్లాలో—1950 వరకు అదియు విశాఖజిల్లాలోని భాగమే—ఇల్లిల్లు తిరిగి 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించిరి. నూటికి నలువదిమందికి పైగా అడ్డపొగవారే. వారి అంగిళ్లపై కనబడినవానిని పరిశోధకులు ఓపికతో వర్గీకరించిరి: తెల్లబారిన మందపు పొర; లాలాజల గ్రంథుల నోళ్లు ఉబికి, నడుమ ఎర్రని చుక్కతో నిలిచిన పొక్కులు; సహజమైన నల్లని వన్నె పోయి పాలిపోయిన మచ్చలు; ఎర్రని తావులు; పుండ్లు. వీనిలో పెక్కింటికి నొప్పి యుండదు. నొప్పి లేనిదానికి ఆసుపత్రికి పోవువారెవరు?

ప్రభుత్వముల మాటకు వత్తము. పొగాకును 1617లో నిషేధింప జూచిన జహంగీరు పాదుషా యాజ్ఞ ఎవరును పాటింపనిదయ్యెను. ఆంగ్లేయ ప్రభుత్వము పొగాకును గుర్తించిన తీరు వేరు: యుద్ధకాలమున, 1943లో, దానిపై ఎక్సైజు సుంకము విధించెను. స్వతంత్ర భారతమున 1975వ సంవత్సరము విచిత్రమైనది. ఆ యేడే పార్లమెంటు పొగాకు బోర్డు చట్టమును చేసి, గుంటూరు కేంద్రముగ వర్జీనియా పొగాకు సాగును, ఎగుమతులను పెంపొందించుటకు పూనుకొనెను. ఆ యేడే సిగరెట్టు పెట్టెపై ఆరోగ్యమునకు హానికరమను హెచ్చరిక ఉండి తీరవలయునని మరియొక చట్టము చేసెను. ఒక చేత నీరుపోసి మరియొక చేత గొడ్డలి పట్టినట్టున్నది. ఆ హెచ్చరికయు సిగరెట్టుకే గాని బీడీకి లేదు, చుట్టకు లేదు.

2003 నాటి చట్టము ఈ లోపమును సవరించి చుట్టను, బీడీని, నమలు పొగాకును సైతము తన పరిధిలోనికి తెచ్చెను. బడులకు నూరు గజములలోపల అమ్మరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదు. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములందు కాల్చినవారికి రెండువందల రూపాయల వరకు జుల్మానా. 2009 మే 31 నుండి పెట్టెలపై బొమ్మలు. 2016 ఏప్రిలు నుండి ఆ బొమ్మలు, హెచ్చరికలు కలిసి పెట్టెలో నూటికి ఎనుబదియైదు పాళ్లు. ఇవన్నియు మంచివే. కాని బొమ్మ అచ్చువేయుటకు పెట్టె కావలెను గదా! సంతలో ఆకు కట్టలు కొని తెచ్చి తానే చుట్టుకొను ముసలమ్మకు, అచ్చైన హెచ్చరిక చదువనేరని ముసలమ్మకు, బహిరంగ స్థలమున గాక తన పెరటిలో మూతి బిగించి కాల్చు ముసలమ్మకు, ఈ నియమములలో ఏది చేరును?

నిషేధమన ఎట్లుండునో విశాఖ ఉక్కు కర్మాగారపు ఉక్కునగరమువారికి చెప్పనక్కరలేదు. కోక్ ఓవెన్ల కడ, గ్యాసు గొట్టముల కడ అగ్గిపుల్ల గీయుట అపరాధము. అచ్చట భయము పేలుడునకు గనుక ఆ నియమము వెంటనే అర్థమగును. ఇరువది ముప్పది యేండ్లకు గాని పుండుగ మారని నిప్పునకు భయపడుట అంత సులభము కాదు. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరములందు ముప్పదియారువేల పొగాకు వాడుకరులను ఎన్నుకొని, ఇంటికి పోయి, నోరు చూచి, ఎదుట కూర్చుండి నచ్చజెప్పిన ప్రయోగఫలితములు 1986లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినవి: మానినవారు గణనీయముగ పెరిగిరి, క్యాన్సరునకు ముందువచ్చు తెల్లమచ్చలు తగ్గినవి. చట్టము చేరనిచోటికి మాట చేరినది.

నేడు అగనంపూడిలో, ఉక్కునగరమునకు కూతవేటు దూరమున, హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి నెలకొనియున్నది. ముప్పదియేండ్లు దాటినవారికి నోటి పరీక్ష చేయవలయునను జాతీయ కార్యక్రమమును గలదు. ఆ పరీక్ష చేయువారు గుట్కా కాలమునకు అలవాటుపడి చెంపలను, నాలుకను చూచి విడిచిపెట్టిన ఈ తీరమున చాలదు. కట్టుడుపళ్లున్న తీయించి, తల వెనుకకు వంపించి, దీపము పెట్టి అంగిలిని చూడవలయును. చుట్ట కాల్చుదువా యని మాత్రమే గాక, ఏ కొన లోపల పెట్టుకొందువమ్మా యని కూడ అడుగవలయును.