పోపులపెట్టె డబ్బుకి ఒక పేరు

ఆడవాళ్ళు డబ్బు దాచే చోట్లు ఎవరైనా రాసుకుంటూ పోతే బియ్యం డబ్బా, పోపులపెట్టె, పట్టుచీర మడతలు, దేవుడి పటం వెనక... ఇవన్నీ వస్తాయి. ఇంటి ఖర్చులో మిగిల్చి, ఎవరికీ చెప్పకుండా దాచిన ఆ డబ్బే పిల్లాడి ఫీజుకో, కూతురి పురిటికో, ఇంటాయనకి జీతం రాని నెలకో బయటికొస్తుంది. దాని మీద సినిమాల్లో జోకులు బోలెడు విన్నాం. కానీ దానికీ ఒక చరిత్ర ఉంది. మా బల్కంపేటలోనే కాదు, మొత్తం హైదరాబాద్‌లో ఆ దాచుకున్న డబ్బుని రెండుసార్లు ప్రభుత్వమే బయటికి తీయించింది.

మొదటిసారి పోయింది నిజాం రూపాయి. అప్పట్లో హైదరాబాద్ సంస్థానానికి సొంత నాణేలు, సొంత నోట్లు ఉండేవి. ఉస్మానియా సిక్కా అన్నా, హాలీ రూపాయి అన్నా అదే. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడివాళ్ళు కల్దారు అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకి సమానం. అంటే వంద కల్దార్లు కావాలంటే 116 హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైసలు లెక్కపెట్టి ఇవ్వాలి. బడికి పోని ఆడవాళ్ళు కూడా ఇంటి అవసరం కొద్దీ ఈ లెక్కలు నోటికి చేసుకోవాల్సిందే.

1948లో సంస్థానం ఇండియాలో కలిసింది. 1950 నుంచి ఇండియా రూపాయి కూడా ఇక్కడ చెల్లుబాటైంది. 1951లో హాలీ నోట్లు అచ్చువేయడం ఆపేశారు. మధ్యలో 1957 ఏప్రిల్ ఒకటి నుంచి అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. చివరికి 1959లో హాలీ రూపాయి పూర్తిగా రద్దయింది. అంటే మార్చుకోవడానికి దాదాపు తొమ్మిదేళ్ళు దొరికాయి. పైగా వెండి రూపాయలు దాచుకున్నవాళ్ళకి కంసాలి దగ్గరైనా ఎంతో కొంత వచ్చేది. కాగితం నోటు దాచుకుని మర్చిపోయినవాళ్ళకి మాత్రం ఆ కాగితమే మిగిలింది.

ఇక్కడే ఇంకో సంగతి చూడండి. నిజాం ప్రభుత్వం 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పెట్టింది. ఆ తర్వాత అదే మనందరికీ తెలిసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. రాజ్యం పోయింది, రూపాయి మారింది, చివరికి బ్యాంకు పేరూ పోయింది. అయినా అందులో ఖాతా ఉన్నవాళ్ళ డబ్బు మాత్రం ఖాతాలోనే ఉంది. డబ్బాలో దాచిన నోటుకీ, మన పేరున పుస్తకంలో రాసిన అంకెకీ ఉన్న తేడా ఇదే.

అలా మన పేరు పుస్తకంలోకి ఎక్కడానికి చాలా కాలమే పట్టింది. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాకే స్త్రీ ఆస్తి మీద ఆమెకి పూర్తి హక్కు ఖాయమైంది. 1972లో పోస్టాఫీసు మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన తెచ్చింది. పేరు హిందీలో పొడుగ్గా ఉన్నా పని చిన్నదే. మహిళా ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి నెలనెలా రికరింగ్ డిపాజిట్ డబ్బు వసూలు చేసి, కార్డులో రాసి, పోస్టాఫీసులో కడతారు. దానికి కమీషన్ వస్తుంది. గడప దాటడానికి ఒప్పుకోని ఇళ్ళలో కూడా, పక్కింటావిడే ఏజెంటుగా వస్తే ఎవరూ కాదనలేదు. కట్టేవాళ్ళకి పొదుపు, ఏజెంటుకి సంపాదన. ఇద్దరి పేర్లూ కాగితం మీదకి వచ్చాయి.

ఇక చిట్టీలు. చిట్టీ పాడని తెలుగు ఇల్లు ఉంటుందా? మన రాష్ట్రంలో 1971లోనే చిట్‌ఫండ్ చట్టం వచ్చింది, 1982లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. రిజిస్ట్రారు దగ్గర నమోదైన చిట్టీకి ఒప్పందం, హామీ, ఫిర్యాదు చేసుకునే చోటు ఉంటాయి. వీధిలో నోటిమాట మీద నడిచే చిట్టీకి అవేమీ ఉండవు. నడిపే మనిషి మీద నమ్మకం ఒక్కటే ఆధారం. ఆ మనిషి ఒక తెల్లారి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతే పోలీసులు అడిగే మొదటి మాట, "రసీదు ఉందా?"

1990లలో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు మరో దారి చూపించారు. దూబగుంట రోశమ్మ లాంటివాళ్ళు నడిపిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత అక్కడ రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. పొదుపులక్ష్మి అని పేరు. గుంపుగా దాచుకుని, మినిట్స్ పుస్తకంలో రాసుకుని, బ్యాంకు దగ్గరికి గుంపుగానే వెళ్ళారు. తర్వాత రాష్ట్రమంతా పెరిగిన పొదుపు సంఘాలకి అదొక బలమైన పునాది.

పుస్తకంలో పేరు ఉంటే చాలదని 2001లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మన నగరంలో కృషి సహకార బ్యాంకు కుప్పకూలింది. అప్పట్లో ఒక్కో డిపాజిటుదారుకి లక్ష రూపాయల వరకే బీమా ఉండేది. 2020 ఫిబ్రవరి నుంచి అది ఐదు లక్షలైంది. అరశాతం వడ్డీ ఎక్కువని ఉన్నదంతా ఒకేచోట పెట్టకూడదని అందుకే అంటారు.

రెండోసారి కబురు 2016 నవంబరు 8 రాత్రి వచ్చింది. ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దు. ఈసారి తొమ్మిదేళ్ళు కాదు, డిసెంబరు 30 వరకే గడువు. చీర మడతల్లోంచి నోట్లు బయటికొచ్చాయి. ఎన్నేళ్ళుగానో గుట్టుగా ఉన్న లెక్క ఒక్క వారంలో ఇంటిల్లిపాదికీ తెలిసింది. కొన్ని ఇళ్ళలో నవ్వుకున్నారు. కొన్ని ఇళ్ళలో ఆ డబ్బు ఇంటాయన ఖాతాలో పడింది, మళ్ళీ ఆవిడ చేతికి రాలేదు. నా దృష్టిలో నోట్లరద్దులో గృహిణికి జరిగిన అసలు నష్టం అదే. నోటు మారింది కానీ యజమాని కూడా మారిపోయాడు.

సొంత ఖాతాలో వేసుకున్న కొందరికి పన్ను నోటీసులొచ్చాయి. అలాంటి ఒక గ్వాలియర్ గృహిణి 2,11,500 రూపాయలు తన పొదుపేనని పోరాడింది. ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ఆగ్రా బెంచి 2021లో ఆవిడ మాట ఒప్పుకుంది. నోట్లరద్దు రోజుల్లో గృహిణులు రెండున్నర లక్షల దాకా వేసుకున్న డబ్బుని లెక్కచెప్పలేని ఆదాయంగా చూడకూడదంది. పోపులపెట్టె డబ్బుకి అదొక గుర్తింపు.

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. భర్త బహుమతిగా ఇచ్చిన డబ్బుతో భార్య ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ భర్త ఆదాయంలో కలుస్తుంది. ఆ వడ్డీని మళ్ళీ పెడితే దాని మీద వచ్చేది మాత్రం ఆమె ఆదాయమే. ట్యూషన్లు, కుట్టుపని, పచ్చళ్ళు, ఏజెన్సీ కమీషన్... మన కష్టంతో వచ్చింది మొదటి రూపాయి నుంచీ మనదే. అందుకే ఆ రెండు డబ్బుల్నీ వేర్వేరు ఖాతాల్లో ఉంచుకుంటే లెక్క చెప్పడం తేలిక.

గుట్టుగా దాచుకోవడం తప్పని నేను అనను. చేతిలో నెల ఖర్చు లేని ఆడది ఎంత ఇబ్బంది పడుతుందో మనకి తెలుసు. ఆ నెల ఖర్చు డబ్బాలోనే ఉండనివ్వండి. దానికి మించింది మాత్రం మీ పేరున, మీ సంతకంతో, నామినీ రాసిన ఖాతాలో వేయండి. ఆ ఖాతాకి మీ ఫోన్ నంబరే ఇవ్వండి. ఓటీపీ వేరేవాళ్ళ ఫోనుకి వెళ్తుంటే ఆ ఖాతా సగమే మీది.

మీ ఇళ్ళలో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటే, హాలీ రూపాయి మార్చిన రోజులు గుర్తున్నాయేమో అడగండి. ఆవిడ చెప్పింది రాసి పెట్టండి.