ఒక్కరే యానిమేషన్ షార్ట్ ఫిల్మ్: ముందు టైమ్ లెక్క
కథ, బొమ్మలు, కదలికలు, ఎడిటింగ్ అన్నీ ఒకే మనిషి కంప్యూటర్‌లో చేసే చిన్న సినిమా ఇది. లాత్వియాకు చెందిన గింట్స్ జిల్బలోదిస్ 2019లో ‘అవే’ అనే పూర్తి నిడివి చిత్రాన్నే సంగీతంతో సహా ఒక్కరే చేశారు. తర్వాత బృందంతో తీసిన ‘ఫ్లో’కు 2025లో ఆస్కార్ వచ్చింది. అది తయారైన బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కాబట్టి పిల్లలు అడిగితే ఆ ఖర్చుకు భయపడక్కర్లేదు.

అసలు ఖర్చు టైమే. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 5 నిమిషాలకు 7,200. ఒక్కోటి రెండర్ కావడానికి 2 నిమిషాలు పట్టినా మొత్తం 240 గంటలు, అంటే సిస్టమ్ 10 రోజులు ఆగకుండా నడవాలి. శ్రీకాకుళం, విజయనగరంలో కరెంటు సంగతి తెలిసిందే కదా! 2018 తిత్లీ తుపానుకు పలాస వైపు ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అందుకే నేరుగా వీడియో ఫైలుగా కాకుండా పీఎన్‌జీ బొమ్మల వరుసగా రెండర్ చేయాలి. కరెంటు పోతే ఆ ఒక్క ఫ్రేమే పోతుంది, ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.