మెరకకెక్కిన గాలి

విజయవాడ నుంచి హైదరాబాద్ దారి పట్టగానే ఇబ్రహీంపట్నంలో ముందు కంటబడేవి పొగగొట్టాలు. 1979లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలైన థర్మల్ కేంద్రం అది. బోర్డు మీద నార్ల తాతారావుగారి పేరున్నా, చుట్టుపక్కల వాళ్ల నోట ఇప్పటికీ వీటీపీఎస్సే. దానికి దగ్గర్లోనే కొండపల్లి పారిశ్రామికవాడలో 2000లో లాంకో వాళ్ల 368 మెగావాట్ల కేంద్రం వచ్చింది. బొగ్గు లేదు, బూడిద లేదు. జెట్ ఇంజన్‌కు నేలమీది తోబుట్టువైన గ్యాస్ టర్బైనే అక్కడ ప్రధానంగా పనిచేసేది. కొండపల్లి అంటే మనకు బొమ్మలూ ఖిల్లాయే గుర్తొస్తాయి కాబట్టి దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

రెండు చోట్లా నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇరుసులు, వాటినిండా వరసలు వరసలుగా బ్లేడ్లు. మరి ఆవిరి టర్బైన్‌ను బ్రిటన్ ఇంజనీరు పార్సన్స్ 1884లోనే నడిపితే, గ్యాస్ టర్బైన్‌తో ఊళ్లకు కరెంటివ్వడానికి 1939 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

నీరు పల్లమెరుగు. గాలీ అంతే. పల్లపు మడికి తూము తీస్తే చాలు. మెరక చేనుకైతే గూడ వెయ్యాలి. టర్బైన్‌లో వాయువు ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువకు దిగుతుంది. దిగుతూ వేగం పుంజుకుంటుంది, బ్లేడును అంటిపెట్టుకునే జారుతుంది. గ్యాస్ టర్బైన్‌కు ముందుగా గాలిని నొక్కి అందించే కంప్రెసర్‌లో మాత్రం దాన్ని ఎదురెక్కించాలి. బ్లేడు వీపును రాసుకుంటూ పోయే పలచటి గాలిపొర అసలే రాపిడికి నీరసించి ఉంటుంది. ఎత్తు కాస్త ఎక్కువైతే ముందుకు పోలేక ఆగి, వెనక్కి తిరిగి, బ్లేడును వదిలేస్తుంది. అదే స్టాల్. అది ముదిరితే సర్జ్: లోపల కూరిన గాలంతా ఢామ్మని ముందువైపుకే తన్నుకొస్తుంది.

అందుకే ఒక్కో వరస కొద్దికొద్దిగానే ఎత్తాలి. కొండపల్లి తొలి దశలో పెట్టిన ఫ్రేమ్ 9ఈ తరహా యంత్రంలో గాలిని పన్నెండు రెట్లు నొక్కడానికి కంప్రెసర్‌కు 17 అంచెలు కావాలి. దించడానికి టర్బైన్‌కు మూడు చాలు!

వీటీపీఎస్‌కు ఈ బాధ లేదు. అక్కడ ఒత్తిడి పెంచేది ఆవిరికి కాదు, నీటికి. టర్బైన్ తీసే శక్తిలో పంపు తినేది నూటికి మూడు నాలుగు పాళ్లే.

పార్సన్స్ గాలి కంప్రెసర్లూ చేశాడు. టర్బైన్‌ను తిరగేస్తే సరిపోతుందనుకున్నాడు. గాలి ఒప్పుకోలేదు, కొన్నేళ్లకే ఆ పని వదిలేశాడు. తప్పెక్కడుందో 1926లో బ్రిటన్‌కు చెందిన గ్రిఫిత్ చెప్పాడు: బ్లేడ్ల మధ్య సందును కాలవలా చూడొద్దు, ఒక్కో బ్లేడునూ విమానం రెక్కలా మలచండి అని. నా లెక్కలో అసలు మలుపు ఇదే, జెట్ కథల్లో పేరు మాత్రం తొలి జెట్ ఇంజన్లు కట్టిన విటిల్‌దీ ఒహైన్‌దీ. వాళ్లిద్దరూ ఈ చిక్కును పక్కకు తప్పించి, గాలిని చుట్టూ విసిరికొట్టే అపకేంద్ర కంప్రెసర్‌తో ముందుకెళ్లారు.

1939లో స్విట్జర్లాండ్‌లోని నూషటెల్‌లో బ్రౌన్ బోవెరీ సంస్థ పెట్టిన టర్బైన్ పదిహేను వేల పైచిలుకు కిలోవాట్లు తీసింది. అందులో పదకొండు వేలకు పైగా కంప్రెసరే మింగింది. ఊరికి మిగిలింది 4,000. అయినా అది గెలుపే.

కొండపల్లికి ఆ తర్వాత గాలితో తిప్పలు కాదు, గ్యాస్‌తో. 2013లో కరెంటు కేంద్రాలకు కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకు గ్యాస్ ఆగింది. రాష్ట్రంలో గ్యాస్ టర్బైన్లు చాలావరకు మూలనపడ్డాయి. వీటీపీఎస్‌లో 2023లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ వచ్చింది. అదీ ఆవిరిదే, నీటిని పంపు చేసేదే.